సమాధి మీది రాయి

భూగర్భశాస్త్రంలో చార్నకైట్ అనే శిలకు పేరు ఒక సమాధి నుంచి వచ్చింది. కలకత్తా సెయింట్ జాన్స్ చర్చి ఆవరణలోని ఆ సమాధి ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి జాబ్ చార్నక్‌ది. ఆయన 1690లో సుతానుటి గ్రామంలో వర్తక స్థావరం పెట్టి, మూడేళ్లు తిరక్కుండానే పోయాడు. ఆయన్ను కలకత్తా నగర స్థాపకుడనడం చెల్లదని 2003లో అక్కడి హైకోర్టు తేల్చింది. రాయి పేరు జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

సమాధి మీది నల్ల పలక బెంగాల్‌ది కాదు. గంగ ఒండ్రు నేలలో అలాంటి రాయి ఎక్కడిది? మద్రాసు పక్కన సెయింట్ థామస్ మౌంట్, పల్లావరం గుట్టల రాయీ ఇదీ ఒకటేనని జియలాజికల్ సర్వే ఉద్యోగి థామస్ హాలండ్ పోల్చాడు. తెలియకుండానే కలకత్తాకు ఈ రాతి నమూనా రప్పించినవాడని 1893లో చార్నక్ పేరే పెట్టాడు. అప్పుడే పగలగొట్టిన ముక్క నూనె రాసినట్టు జిడ్డుగా మెరుస్తుంది. మామూలు గ్రానైట్‌లో తెల్లగా ఉండే క్వార్ట్జ్ ఇందులో నీలి బూడిద రంగులో ఉంటుంది. తూర్పు కనుమల్లో దీని పొరుగు శిల ఖోండలైట్. విశాఖ కైలాసగిరి ఆ రాయే. దానికి 1902లో ఖోండు గిరిజనుల పేరు పెట్టారు.

పేరు వింటే వస్తువు తెలియాలన్నది ఈ శీర్షిక ఏనాడూ వదలని పట్టు. ఆ లెక్కన చార్నకైట్ పనికిమాలిన పేరు. ఇందులోని ప్రత్యేక ఖనిజం హైపర్‌స్థీన్ కాబట్టి హైపర్‌స్థీన్ గ్రానైట్ అంటే సరిపోయేది. గ్రీకులో హైపర్‌స్థీన్ అంటే అధిక బలం. హార్న్‌బ్లెండ్ అనే ఖనిజం కంటే గట్టిదని ఆ పేరు.

అయితే 1988లో అంతర్జాతీయ ఖనిజశాస్త్ర సంఘం హైపర్‌స్థీన్ అన్న పేరునే జాబితాలోంచి తీసేసింది. ఇక రెండో మాట గ్రానైట్. అది కరిగిన శిలాద్రవం చల్లబడి గడ్డకట్టిందని చెప్పే మాట. హాలండ్ కూడా చార్నకైట్ అలాగే పుట్టిందని నమ్మాడు. కానీ కర్ణాటకలోని కబ్బల్‌దుర్గ క్వారీలో బూడిదరంగు నైస్ శిల కరగకుండానే, వేడికి నీటిపాలు తగ్గి, మరకలు మరకలుగా చార్నకైట్‌గా మారిన చోట్లు కనిపిస్తాయి. హైపర్‌స్థీన్ గ్రానైట్ అని పెట్టి ఉంటే ఆ పేరులో రెండు ముక్కలూ తప్పేవి. చార్నక్ పేరు పుట్టుక గురించి గానీ ఖనిజాల గురించి గానీ ఏమీ చెప్పదు కాబట్టి, కరిగి గడ్డకట్టిన శిలకూ, కరగకుండా మారిన శిలకూ నేటికీ చార్నకైట్ అన్న మాటే చెల్లుతోంది.