గోరా గ్రంథమున ఉపాధ్యాయ స్వరము

గోరాగా ప్రసిద్ధుడైన గోపరాజు రామచంద్రరావు (1902-1975) ఆంగ్లమున రచించిన 'ఏన్ ఎథీయిస్ట్ విత్ గాంధీ' అను గ్రంథమును 1951లో అహమ్మదాబాదు నవజీవన్ సంస్థ ప్రకటించినది. దీనిని తత్త్వగ్రంథముగా చదివినవారు తర్కము పలుచగా నున్నదని ఆక్షేపింతురు. ఆక్షేపణ నిరాధారము కాదు. మన శాస్త్రగ్రంథములందు వలె పూర్వపక్షమును నిలిపి ఖండించు పద్ధతి ఇందు లేదు. అయినను ఆ కొలతతో దీనిని తూచుట తగదని నా యభిప్రాయము.

గోరా వృక్షశాస్త్రోపన్యాసకుడు. నాస్తికభావముల కారణమున 1933లో కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలలో కొలువు పోగొట్టుకొనెను. పిదప మచిలీపట్నము హిందూ కళాశాలలో బోధించి, ఆ వృత్తిని వీడి 1940లో ముదునూరున నాస్తిక కేంద్రమును స్థాపించెను. ఇట్టివాని రచనలో కసిని ఎదురుచూచు పాఠకునకు కనబడునది వేరు: ప్రయోగశాలలో విద్యార్థికి చూపినట్లు, ఒక నమ్మకము అస్పృశ్యతా నివారణమున ఏ ఫలమిచ్చునో చూడుడని అడుగు స్వరము. దేవుడు కలడా అను ప్రశ్న కంటె, కలడనుటచేత మనుష్యుడు మనుష్యుని ఎట్లు చూచుచున్నాడను ప్రశ్నయే ఆయనకు ముఖ్యము.

గ్రంథమునకు ప్రాణమైన ఘట్టము వివాహప్రసక్తి. గోరా తన కుమార్తెను హరిజన యువకునకిచ్చి సేవాగ్రామమున వివాహము చేయ సంకల్పింపగా, ప్రమాణవాక్యమున ఈశ్వరుని స్థానమున సత్యమును నిలుపుటకు గాంధీజీ అంగీకరించెను. ఆయన మరణానంతరము 1948లో ఆ పెండ్లి జరిగినది. మారినది పదమొక్కటే, ఆస్తిక నాస్తికులిద్దరును ఆ పదముపై నిలువగలిగిరి. ఒక లోపమును మాత్రము చెప్పక తప్పదు. గ్రంథము వెలువడు నాటికి గాంధీజీ లేడు. సంభాషణలు చాలవరకు ఒక్కరి స్మృతిలోనివి. వానిని సాక్ష్యముగా గ్రహించునపుడు ఎచ్చరిక అవసరము.

ఈ స్వరమును గూర్చి నేడు చర్చించుటకు కారణము కలదు. 2022 డిసెంబరులో వికారాబాదు జిల్లా కొడంగల్ ప్రాంతమున ఒక నాస్తిక వక్త అయ్యప్పను గూర్చి పలికిన మాటలపై ఆందోళన చెలరేగి, అతడు నిర్బంధితుడయ్యెను. అది దూషణమా విమర్శయా అను నిర్ణయము న్యాయస్థానములది. కాని ఆ జిల్లాలోనే తాండూరునందో వికారాబాదునందో పాఠము చెప్పు నాస్తికునకు, తన అవిశ్వాసమును ఏ స్వరమున పలుకవలెననునది శైలీవిచారము మాత్రమే కాదు, జీవికకు సంబంధించినది. రాజ్యాంగపు 25వ అధికరణము అంతఃకరణ స్వాతంత్ర్యమును ప్రసాదించినది. నాసిక్‌లో ప్రార్థనావేళ చేతులు జోడింపని ఉపాధ్యాయుని పక్షమున బొంబాయి ఉన్నత న్యాయస్థానము 2013లో తీర్పిచ్చినది. 1933లో కాకినాడ ఉపన్యాసకునకు అట్టి ఆశ్రయము లేదు. అయినను, పదునెనిమిదేండ్లకు వెలువడిన ఈ పుస్తకమున ఆయన కంఠము హెచ్చలేదు.