ఖాళీ కాని ఖాళీ డిస్కు

బీరువా అడుగు అరలో, పెళ్లి ఆల్బముల కింద, అరచేతిలో ఇమిడే చిన్న డీవీడీలు ఇప్పటికీ కొన్ని ఇళ్లలో ఉన్నాయి. 2003 తర్వాత కొన్నేళ్లు డిస్కు మీదే రికార్డు చేసే హ్యాండీక్యామ్‌లు బాగా నడిచాయి. అమెరికా నుంచి సెలవులకు వచ్చిన బావగారు వాటితోనే అన్నప్రాశనలూ అక్షరాభ్యాసాలూ తీశారు. ఆ డిస్కును ఇవాళ కంప్యూటర్‌లో పెడితే అది ఖాళీ అంటుంది, లేదా ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతుంది. దయచేసి సరే అనకండి. తిరగరాయగల డిస్కు అయితే ఆ ఒక్క నొక్కుతో ఉన్నదీ పోవచ్చు.

పొలం ఉంది, పాసుపుస్తకం లేదు. జరిగింది అంతే. కెమెరా దృశ్యాలను ఎప్పటికప్పుడు డిస్కు మీద రాస్తూనే పోతుంది. ఏ దృశ్యం ఎక్కడుందో చెప్పే పట్టిక కోసం మొదట్లో కాస్త చోటు వదిలిపెడుతుంది. రికార్డింగు ముగించాక కెమెరాలో ఫైనలైజ్ అనే ఆదేశం నొక్కినప్పుడే ఆ పట్టికను, డిస్కు మొదలూ చివరా చెప్పే గుర్తులను రాస్తుంది. ఆ పని మరిచిపోతే కంప్యూటర్ పట్టిక కోసం వెతికి, దొరక్క, ఏమీ లేదంటుంది.

నమ్మకం కుదరకపోతే డిస్కును తిరగేసి ట్యూబులైటు కింద ఏటవాలుగా పట్టుకోండి. మధ్య నుంచి అంచు వైపు రంగు కొద్దిగా మారిన వలయం కనిపిస్తే అది రాసిన భాగమే. ఎంత వెడల్పుంటే అంత వీడియో. ఒకే పొర ఉన్న 8 సెంటీమీటర్ల డిస్కులో 1.4 జీబీ పడుతుంది, మంచి నాణ్యతలో సుమారు అరగంట.

చదవడానికి రైటర్ డ్రైవే కావాలి. సగంలో ఆగిన రాత లెక్క డిస్కు లోపలి అంచున ఉంటుంది. చదవడానికి మాత్రమే చేసిన డ్రైవు దాన్ని పట్టించుకోదు. డ్రైవు ట్రే ఉన్నదై ఉండాలి. నోట్లోకి లాక్కునే రకంలో చిన్న డిస్కు ఇరుక్కుంటుంది.

ఆపైన ఐసోబస్టర్ లాంటి ప్రోగ్రాము పట్టికను నమ్మకుండా డిస్కును 2,048 బైట్ల ముక్కలుగా వరుసగా చదువుతుంది. మొదట్లో వదిలిన ఖాళీ చోట తప్పులు చూపిస్తే కంగారు పడకుండా ముందుకు దాటించాలి. ఈ డిస్కుల్లోని ఎంపెగ్-2 వీడియోలో ప్రతి ముక్కకూ మొదట ఒకే గుర్తు ఉంటుంది. దాన్ని పట్టుకుని ప్రోగ్రాము దృశ్యాలను ఏరి కంప్యూటర్‌లో దాస్తుంది. వీఎల్‌సీలో పెడితే ఆడతాయి. కెమెరాలో వీఆర్ అనే రికార్డింగు పద్ధతి ఎంచుకుని తీసినవైతే మొత్తం వీడియో ఒకే వీఆర్ఓ ఫైలుగా వస్తుంది. పేరు చివర ఎంపీజీ అని మారిస్తే చాలాసార్లు సరిపోతుంది.

పాత కెమెరా ఇంకా పనిచేస్తుంటే అందులో పెట్టి ఫైనలైజ్ చేయడమే సులువని చాలామంది అంటారు. నేను మాత్రం ముందు నకలు తీయమంటాను. ఫైనలైజ్ అంటే ఆ డిస్కు మీద మళ్లీ రాయడమే. ఇన్నేళ్లు మూలన పడున్న లేజరు మధ్యలో ఆగిపోతే ఉన్నది కూడా చిక్కుల్లో పడుతుంది. తాతయ్య గొంతు ఆ ఒక్క డిస్కులోనే ఉంటే ఆ సాహసం ఎందుకు?

అలాగని కెమెరాను పాత సామాన్ల బండికి ఇచ్చేయకండి. తను రాసిన డిస్కును, ఫైనలైజ్ కాకపోయినా, అది పట్టిక అడగకుండా చూపిస్తుంది. నకలు దిగి, మొదటి నుంచి చివరిదాకా ఆడించి చూసుకున్నాకే దాన్ని ఇంటి నుంచి పంపండి.