అస్గరీ ఒక్కతే చాలదు

"పిల్లలు ఇంట్లో చదువుకోవడానికి మన కథల పుస్తకం ఏదైనా ఉంటే చెప్పు ఆపా" అని ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో ఒక తల్లి అడిగితే జవాబు తేలిక కాదు. పిల్లలు ఇంట్లో మాట్లాడేది దక్కనీ. మదరసాలో దిద్దేది అరబ్బీ అక్షరాలు. బడిలో చాలామంది చదివేది తెలుగో ఇంగ్లీషో. ఇక "మన కథ" అంటే ఏది?

ఈ వెతుకులాట కొత్తదేం కాదు. డిప్యూటీ నజీర్ అహ్మద్ 1869లో 'మిరాత్-ఉల్-ఉరూస్' అచ్చు వేసింది కూతుళ్ళు చదవదగ్గ పుస్తకం కనబడకనే. అక్క అక్బరీ మొండిది, పని రానిది. చెల్లెలు అస్గరీ బుద్ధిమంతురాలు. అస్గరీని తీసిపారేయలేం. లెక్కలు రాస్తుంది, ఇంటిని దోచుకుంటున్న పనిమనిషిని పట్టిస్తుంది, ఆడపిల్లలకు బడి నడుపుతుంది. కానీ ఆ తెలివంతా అత్తింటిని నిలబెట్టడానికే. విచిత్రమేమంటే, తర్వాత మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ 'బిహిష్తీ జేవర్'లో ఇచ్చిన హానికరమైన పుస్తకాల పట్టికలోకి ఈ నవల కూడా ఎక్కింది. అంత ఒద్దికైన అస్గరీని కూడా నమ్మలేకపోయారన్నమాట!

ఇవాళ తెలుగులో దొరికే నీతి కథల్లోనూ ఆ నీడే. అబ్బాయి దారి తప్పుతాడు, తిరిగొస్తాడు. అమ్మాయికి తప్పు చేసే వీలే ఉండదు. మొదటి పేజీలో ఎంత మంచిదో చివరి పేజీలోనూ అంతే. అలాంటి పిల్ల గురించి చదవమంటే ఏ పిల్లకైనా ఆవలింతలు రావా?

నన్నడిగితే మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' (1999) ముందు చేతికిస్తాను. కావలి పిల్లవాడి నోట, నెల్లూరు యాసలో, ముస్లిం ఇల్లు ఏ బోధా లేకుండా కనిపిస్తుంది. అయితే అదీ పిల్లవాడి కథే. వీధిలో తిరిగే స్వేచ్ఛ వాడిది. ఆ వయసు ఆడపిల్ల తన నోటితో చెప్పే 'దర్గామిట్ట' కోసం నేనింకా చూస్తున్నాను.

కాస్త పెద్దపిల్లలకైతే వేంపల్లె షరీఫ్ 'జుమ్మా'. ఆ సంపుటికి 2012లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చింది. శుక్రవారం నమాజు మానొద్దని కొడుకుకి పదేపదే చెప్పే తల్లి, 2007లో మక్కా మసీదులో బాంబు పేలాక వెళ్ళొద్దంటుంది. నమాజు నేర్పుతుందా లేదా అని మాత్రమే చూసి పుస్తకాలు ఎంచేవాళ్ళు దీన్ని పక్కన పెడతారు. నమాజంటే ప్రాణమైన తల్లి నోట ఆ మాట ఎందుకొచ్చిందో అడగరు. విశ్వాసమూ భయమూ ఒకే గొంతులో వినిపించే ఈ కథ ఇస్లామీ కథ కాకపోతే మరేది?

ఎమ్మిగనూరులో ఒక ఇంట్లో ఎనిమిదో తరగతి పిల్ల ఈ కథ పైకి చదువుతోంది. తల్లికి తెలుగు చదవడం రాదు, వింటే అర్థమవుతుంది. "వెళ్ళొద్దు" అన్న చోట కుట్టుమిషను ఆపింది. "మైఁ భీ వైసాచ్ బోలీ థీ" అంది. నేనూ అలాగే అన్నానని. ఎప్పుడమ్మీ, ఎవరితో అని పిల్ల పుస్తకం మూసి అడగడం మొదలుపెట్టింది.