రూపాయికి మూలలెందుకు లేవు?

నాణేలు గుండ్రంగా ఎందుకుంటాయని అడిగితే, జేబు చిరగకుండా, లెక్కపెట్టడానికి వీలుగా అంటారు చాలామంది. అవన్నీ గుండ్రదనం వల్ల కలిగిన లాభాలు. అసలు కారణం కుంపటి దగ్గరుంది.

అనంతపురం పాతవూరులో బంగారు పనిచేసే ఒక పెద్దాయన ఎదుట కూర్చుంటే ఆ సంగతి కళ్లారా చూడొచ్చు. మూసలో వేసిన బంగారు ముక్కలు కరగగానే ఒకదాన్నొకటి లాక్కుని గుండుగా ముడుచుకుంటాయి. కరిగిన లోహానికి తలతన్యత చాలా ఎక్కువ మరి. చల్లారాక ఆ గుండును దాగలి మీద పెట్టి సుత్తితో కొడితే అన్నివైపులా సాగి బిళ్లవుతుంది. “గుండ్రంగా నేను చేసేదేముందప్పా, అదే అయితాది” అన్నాడాయన. పలకగా కావాలంటే మళ్లీ కత్తెర పట్టాలి, ఆకురాయితో అరగదీయాలి, రాలిన రజను ఏరుకోవాలి. ముందే సరిగ్గా తూచి కరిగించిన బంగారాన్ని ఇక కత్తిరించకూడదు. అందులో ఏది రాలినా తూకం పోతుంది. పెనుకొండ ఏలుబడిలో చెలామణి అయిన విజయనగర వరహా సుమారు 3.4 గ్రాములు. చిన్నగా, మందంగా ఉండే ఆ వరహాను చూస్తే నాకు దాగలి మీది గుండే కనిపిస్తుంది.

మన దేశంలో తొలినాటి నాణేలు మాత్రం ఇలా లేవు. అమరావతిలో పెద్ద రాశిగా దొరికినలాంటి విద్ధాంక నాణేల (గుర్తులు గుద్దిన బిళ్లల) కోసం వెండిరేకును పట్టీలుగా కోసి, ముక్కలు చేసి, తూకం ఎక్కువైతే మూల కత్తిరించేవారు. మూల అక్కడ తూకం సరిచేసే చోటు. అదే చోటు తర్వాత దొంగకూ పనికొస్తుంది. అలాగని గుండ్రటి అంచును ఎవరూ గీకలేదని కాదు. గీకారు కనుకనే యంత్రాలు వచ్చాక అంచుకు గాట్లు పెట్టారు.

మన గుత్తిలోనూ టంకశాల ఉండేది. 1776లో హైదరలీ చేతికి చిక్కిన గుత్తి కోటకు టిప్పు ఫైజ్ హిసార్ అని పేరుపెట్టాడు. ఏనుగు బొమ్మ ఉన్న రాగి పైసల మీద ఆ పేరే ఉంటుంది. సుత్తిదెబ్బకు రాగి ఎటు సాగితే అటు సాగి, అంచులు అక్కడక్కడా పగిలి ఉంటాయి. ఆ పగుళ్లలో పనివాడి చేయి కనబడుతుంది. నాకు కొత్త నాణేల నునుపుకన్నా అదే ఇష్టం.

మూలలున్న నాణేలు తర్వాతా వచ్చాయి. రెండణాల బేడ పలకగా ఉండేది, అయిదు పైసలూ అంతే, ఇరవై పైసలకు ఆరు పలకలు. చీకట్లో తడిమినా విలువ తెలియాలంటే ఆకారం మార్చాలి. ఇప్పటి ఇరవై రూపాయల బిళ్లకు పన్నెండు పలకలున్నాయి, అయినా అది చూపుకు దాదాపు గుండ్రమే. యంత్రపు అచ్చుకూ గుండ్రటి ఆకారమే అనుకూలం. ఒత్తిడి అంచంతటా సమంగా పడుతుంది, మూలల్లో లోహం నిండలేదన్న బాధ ఉండదు.

తొలకరి పడగానే వజ్రకరూరు చేలల్లో వజ్రాల కోసం వంగి నడిచే అన్నలారా, అక్కలారా, మట్టిలో పాత బిళ్లలు దొరికితే చింతపండుతో తోమకండి, అంచు అరగదీయకండి, కరిగించకండి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం దొరికిన నిధి గురించి కలెక్టరుకు తెలపాలి. దొరికినవి దొరికినట్టే అప్పగించండి.