మళ్ళీ ‘మైదానం’లోకి

చలం ‘మైదానం’ (1927)ని ఈమధ్య మా చదువరుల బృందంలో ఏడుగురు స్త్రీలం కలిసి చదివాం. ప్లీడరు భర్తని వదిలి అమీర్‌తో వెళ్ళిపోయిన రాజేశ్వరి తెగువ గురించి ఎవరికీ పేచీ లేదు. చర్చంతా ఆమె గర్భం దగ్గరే ఆగింది. బిడ్డ వద్దంటాడు అమీర్. పెళ్ళి లేదు, కులం కట్టుబాట్లు లేవు. అయినా ఆమె శరీరం మీద పెత్తనం మగవాడిదే!

“ఇల్లు దాటింది గానీ యజమానిని దాటలేదు” అందొకామె. “కాదు, అతన్ని తనే ఎంచుకుంది” అంది మరొకామె. నవల బలం ఈ రెండు మాటల్నీ నిలబెట్టడంలోనే ఉంది. కథంతా రాజేశ్వరి గొంతుతోనే చెప్పించిన చలం ఈ వైరుధ్యాన్ని దాచలేదు. ‘మైదానం’ని కేవలం స్వేచ్ఛాప్రణయ గాథగా చదివితే ఆమె పడ్డ నొప్పి మనకి వినపడదు.