ఆత్మవిమర్శ: ఎవరి ఎదుట?

బహిరంగ స్థలాల్లో గుడారాలు వేసుకుని బతకడాన్ని నేరం చేసే శాసనాన్ని ఫ్రీమాంట్ నగర కౌన్సిల్ 2025 ఫిబ్రవరి 11న ఆమోదించింది. అలా బతికేవారికి తోడ్పడటం కూడా నేరమేనన్న మాట అందులో ఉంది. అన్నం పెట్టేవాళ్ళు, దుప్పట్లు పంచేవాళ్ళు తామూ నేరస్థులమేనా అని నిలదీశారు. మార్చి 18న కౌన్సిల్ ఆ మాటను తీసేసింది. దానికెవరూ ఆత్మవిమర్శ అని పేరు పెట్టలేదు.

ఇది జరుగుతున్న రోజుల్లో నేను తెలంగాణ సాయుధ పోరాటంపై పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వెలువరించిన బృహద్గ్రంథాన్ని మళ్ళీ చదువుతున్నాను. మన పిచ్చాపాటీల్లో తరచు వినబడే మాటొకటి ఉంది: భారతీయులకు తమ తప్పులు తాము ఒప్పుకునే అలవాటు లేదు, కాబట్టి అక్కడ ప్రజాస్వామ్యం వేళ్ళూనదు అని. తెలుగు రాజకీయ సాహిత్యం చదివినవారు ఈ మాటను ఒప్పుకోలేరు. ఆత్మవిమర్శకు మన దగ్గర కరువు లేదు. సుందరయ్య గ్రంథం పేరులోనే ‘గుణపాఠాలు’ ఉన్నాయి. ఆ ఆత్మవిమర్శ ఎవరి ఎదుట జరిగింది, విన్నవాడికి ఏ అధికారం ఉంది అన్న ప్రశ్నలు మాత్రం తక్కువగా వేసుకున్నాం.

సుందరయ్య లెక్కలో పోరాటం 3,000 గ్రామాలకు విస్తరించింది, 10 లక్షల ఎకరాల భూమి పంపకమైంది, 4,000 మంది కార్యకర్తలు, రైతులు ప్రాణాలు కోల్పోయారు. గ్రంథంలో ఎడతెగని చర్చ ఒకటే: 1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాదులో ప్రవేశించాక తుపాకి దించి ఉండాలా, వద్దా? దించి ఉండాల్సిందని రావి నారాయణరెడ్డి తన జ్ఞాపకాల్లో రాశారు. కాదని సుందరయ్య. ఇద్దరూ నిజాయితీపరులే, ఇద్దరూ ఉద్యమానికి సర్వస్వం ఇచ్చినవారే. అయినా ఇద్దరి వాదనా పార్టీ పంథా సరైనదా కాదా అన్న కొలతతోనే నడుస్తుంది. ఆ మూడేళ్ళలో అడవుల్లో, నిర్బంధ శిబిరాల్లో నలిగిన నల్లగొండ, వరంగల్లు రైతులను కొనసాగిద్దామా అని అడిగినవారు ఎవరు? 1951 తొలి మాసాల్లో నలుగురు నాయకులు రహస్యంగా మాస్కో వెళ్ళి స్టాలిన్‌తో మాట్లాడారు. వారిలో చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య తెలుగువారు. తప్పొప్పులు తేల్చగల శ్రోత అంత దూరాన ఉన్నాడు.

ఆ అక్టోబరులో పోరాట విరమణ జరిగింది. కొద్ది నెలలకే వచ్చిన తొలి సార్వత్రిక ఎన్నికల్లో రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో గెలిచారు. 1955 ఆంధ్ర మధ్యంతర ఎన్నికల్లో అదే పార్టీకి 196 స్థానాల్లో 15 మాత్రమే దక్కాయి. మూడింట ఒక వంతుకు దగ్గరగా ఓట్లు వచ్చినా ఎదుటి పక్షాలు ఏకం కావడంతో ఓటమి తప్పలేదు. కాబట్టి దీన్ని ప్రజాతీర్పు అనడంలోనూ కొంత అతిశయోక్తి ఉంది. అయినా ఓటరు శ్రోతగా మారాక పార్టీ మాట్లాడే భాషే మారింది. చదువు అంతగా లేని పల్లెలు ఓటుతో ఒకసారి ఎత్తి, ఒకసారి దించిన ఈ చరిత్ర ముందు, ప్రజాస్వామ్యానికి ముందు ‘తగిన సంస్కృతి’ కావాలనే వాదన నాకు నిలబడేదిగా కనబడదు.

సుందరయ్య వ్యక్తిగా ఎంత కఠినమైన ఆత్మవిమర్శకుడో 1975 ఆగస్టు నాటి ఆయన రాజీనామా లేఖ చెబుతుంది. పార్టీ ప్రధాన కార్యదర్శి తన పార్టీ దారి తప్పుతోందని సూటిగా రాసిన పత్రమది. బయటి పాఠకులకు అది చాలా ఏళ్ళ తర్వాత గాని అందలేదు. 1956 ఫిబ్రవరి 25న మూసిన తలుపుల వెనుక స్టాలిన్ నేరాలను ఎండగట్టిన కృశ్చేవ్ ప్రసంగం సోవియట్ పాఠకుడికి అచ్చులో దొరకడానికి 1989 దాకా ఆగాల్సి వచ్చింది. రెంటినీ ఒకే గాటన కట్టలేం, కానీ తలుపు మూయడానికి చెప్పే కారణం అన్నిచోట్లా ఒకటే: ఇంటి గుట్టు శత్రువుకు అందుతుంది.

ఈ కారణాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. కె. బాలగోపాల్ విషయంలో దాని బరువు తెలుస్తుంది. ఆయన ప్రధాన కార్యదర్శిగా ఉన్న ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం నాయకుడు డాక్టర్ రామనాథం 1985లో వరంగల్లులో హత్యకు గురయ్యారు. 1989లో బాలగోపాల్ స్వయంగా అపహరణకు గురయ్యారు. రాజ్యం అలా విరుచుకుపడుతున్న కాలంలోనే, రాజ్యహింసను ప్రశ్నించే కొలతతో విప్లవకారుల హింసనూ ప్రశ్నించాలని ఆయన తెలుగు పత్రికల్లో బాహాటంగా రాయడం మొదలుపెట్టారు. పర్యవసానం 1998లో సంఘం నుంచి నిష్క్రమణ, మానవ హక్కుల వేదిక స్థాపన. చాలామంది మిత్రులు దూరమయ్యారు. ఆయన నిర్ధారణలన్నిటితో నాకు ఏకీభావం లేదు. విప్లవ రాజకీయాలు ఇచ్చిన ఆత్మగౌరవాన్ని ఆయన చివరి వ్యాసాలు కొంత తక్కువ చేశాయనిపిస్తుంది. కానీ ఆయన శ్రోతను మార్చారు. ఇన్ఫార్మరనే ముద్రతో చనిపోయిన పల్లెటూరి మనిషి కుటుంబం కూడా అడగగల ప్రశ్నగా ఆత్మవిమర్శను మలిచారు.

అంతకు ముందే మరో పుస్తకం ఆ పని చేసింది. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తామే మాట్లాడారు. పోరాటం ముగిశాక ఇళ్ళకు వెళ్ళి సంసారాలు చూసుకోమన్న తీరు, దళాల్లో తమపై వేసిన అనుమానపు చూపులు వాళ్ళ గొంతులో విన్నాక, సుందరయ్య గ్రంథంలోని గుణపాఠాల జాబితా ఎంత విశాలమైనదైనా అసంపూర్ణమని తెలిసిపోతుంది. సుందరయ్య దాచారని కాదు. ఆ ప్రశ్నలు అడగగలిగినవారు గుణపాఠాలు రాసిన గదిలో లేరు.

ఈ కొలతతో ఫ్రీమాంట్‌ను చూస్తే అది గర్వపడాల్సినంత ఉదాహరణ కాదు. నెల రోజుల్లో మాట మార్పించగలిగింది అన్నం పెట్టేవారి గొంతు. వాళ్ళకు ఓటుంది, న్యాయవాదులున్నారు, పత్రికలున్నాయి. గుడారాల్లో ఉన్నవారిపై నిషేధం మాత్రం అలాగే మిగిలింది. 1951లో మాస్కోకు వెళ్ళిన ప్రశ్న ఇక్కడ మంగళవారం సాయంత్రం తెరిచిన సభకు వస్తుంది, తేడా పెద్దదే. గదిలో లేనివారి సంగతి మాత్రం రెండుచోట్లా దాదాపు ఒకటే.

ఇక మన సంగతి. కొన్నేళ్ళ క్రితం నేను సభ్యుడిగా ఉన్న ఒక తెలుగు సంఘంలో, కార్యవర్గం ఏటా ఏకగ్రీవంగా ఎలా ఎన్నికవుతోందని ఒకావిడ అడిగారు. “ఇవన్నీ బయట పెట్టుకుంటే పరువు పోతుందమ్మా” అన్నారు ఒక పెద్దాయన, ఎంతో ఆప్యాయంగా. మరుసటి ఏడు ఆవిడ రాలేదు. నేను ఆ ఏడూ వెళ్ళాను, చేయి కూడా ఎత్తాను. ఫిబ్రవరి 11 నాటి నగర సభకు మాత్రం వెళ్ళలేదు.