కడీ మీద గాట్లు

శంషాబాద్ దాటి కొత్తూరు వైపు వెళ్తుంటే ప్లాట్లకు హద్దులుగా పాతిన కడీలు కనిపిస్తాయి. మనిషి ఛాతీ ఎత్తు రాతి స్తంభాలు, వాటి మధ్య ముళ్లతీగ. ఈసారి ఆగి ఒక కడీ అంచును చూడండి. పొడవునా కొద్ది దూరానికి ఒకటి చొప్పున గాట్లుంటాయి. అవి పొట్టిగా, నలుపలకలుగా ఉంటే చేతి ఉలితో కొట్టినవి. గుండ్రంగా, లోతుగా ఉంటే కంప్రెషర్ డ్రిల్లు వేసినవి. రెండింటి పనీ ఒకటే: రాయి ఎక్కడ చీలాలో ముందుగా నిర్ణయించడం.

ఈ రాయి గ్రానైటు, వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. భూమి లోతుల్లో శిలాద్రవం నిదానంగా చల్లారి గట్టిపడింది. దాని మీదున్న బరువంతా కాలక్రమంలో కొట్టుకుపోయాక అది పైకి తేలి, పొరలుగా విచ్చుకుంది, నిలువునా అడ్డంగా పగిలింది. పగుళ్లలో దిగిన నీరు మొదట మూలలను తిన్నది. మూలలు పోతే మిగిలేది గుండు. గుండు మీద గుండు నిలబడి, తోస్తే పడేలా ఉన్న ఈ గుట్టలన్నీ అలా తయారైనవే. గులాబి రంగు ఫెల్డ్‌స్పార్‌ది. అక్కడక్కడ ఈ గ్రానైటును చీల్చుకుని వచ్చిన నల్లరాయి కట్టలు కూడా ఉన్నాయి. అది డోలరైట్. రేణువు సన్నం కాబట్టి సన్నని చెక్కడం పడుతుంది. వేయిస్తంభాల గుడిలోనూ రామప్పలోనూ అద్దంలా మెరిసే స్తంభాల రాయి ఈ జాతిదే.

భూగర్భ శాస్త్రం పుస్తకాల్లో రాసుకున్న రాతి స్వభావాన్ని, రాయి కొట్టే వడ్డెరలు చేతితో తెలుసుకున్నారు. గ్రానైటు చూపుకు అన్ని వైపులా ఒకేలా ఉంటుంది కానీ ఒక దిశలో తేలిగ్గా చీలుతుంది, దానికి అడ్డంగా కాస్త కష్టపడితే చీలుతుంది, మూడో దిశలో మొండికేస్తుంది. పని తెలిసినవాడు ముందు బండ చుట్టూ తిరుగుతాడు. తడిపి చూస్తాడు, సన్నని పగుళ్లుంటే తడి వాటి వెంట ఆలస్యంగా ఆరుతుంది. సుత్తెతో తట్టి వింటాడు. ఖంగుమంటే రాయి నికరం, మొద్దుగా పలికితే లోపల ఎక్కడో పగులుంది. వాటం తేలాక దారం పట్టి గీత గీస్తారు. గీత వెంట వరుసగా గుంతలు కొట్టి, వాటిలో ఇనుప చీలలు నిలబెట్టి, ఒక చివర నుంచి మరో చివరకు ఒక్కొక్క దెబ్బ చొప్పున వేసుకుంటూ వస్తారు. ఒక్కచోటే బలంగా కొడితే గీత తప్పి రాయి వంకరగా పోతుంది. కొద్ది వరుసలయ్యాక దెబ్బ శబ్దం మారుతుంది. అక్కడ ఆగి రాయికి కాస్త సమయం ఇవ్వాలి. కొత్తవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. తొందరపడని చేతి కింద బండ గీత మీదే తనంతట తాను విడిపోతుంది.

పలక కావలసి వస్తే పని మంటది. నేలబండ మీద కట్టెలు పేర్చి వెలిగిస్తారు. పై పొర వేడెక్కి వ్యాకోచించి కింది రాయిని వదులుతుంది. మంటను మెల్లగా ముందుకు జరుపుతుంటే ఒకరు వెనకే తడుతూ, బోలు శబ్దం ఎంతదూరం వచ్చిందో వింటూ వస్తారు. 1890లలో బెంగళూరు దగ్గర ఈ పని చూసిన వార్త్ అనే పరిశీలకుడు, మంట గంటకు సుమారు 6 అడుగులు జరిగిందనీ, దాదాపు 5 అంగుళాల మందం పలక లేచిందనీ రాశాడు. ఒక్క తూటా లేకుండా!

దీనికంతటికీ పక్కన చిన్న కొలిమి ఉండాలి. గ్రానైటులోని క్వార్ట్జ్ ఉక్కు మొనను ఇట్టే మొద్దుబారుస్తుంది. ఉలిని కాల్చి, సాగగొట్టి, నీళ్లలో ముంచడం రోజూ తప్పని పని. మొన రంగు చూసి ఎప్పుడు ముంచాలో తెలుసుకోవాలి. మరీ వేడిగా ముంచితే మొన పెళుసై విరుగుతుంది, చల్లారనిస్తే వంగిపోతుంది. నునుపెక్కిన ఇసుర్రాళ్లకూ రోళ్లకూ మళ్లీ గాట్లు పెడతామంటూ ఇళ్ల ముందుకొచ్చే ఆడవాళ్ల చేతిలోనూ ఉండేది ఇలాంటి ఉలే. మిక్సీలు వచ్చాక ఆ పిలుపు చాలా వీధుల్లో వినబడటం లేదు.

వడ్డెరలు ఒక్క తెలంగాణవాళ్లు కారు. కర్ణాటకలో, తమిళనాడులో, మహారాష్ట్రలో స్థిరపడిన కుటుంబాల్లోనూ చాలాచోట్ల ఇంటి భాష తెలుగే. ఇక్కడ వాళ్లు బీసీ-ఏ జాబితాలో ఉంటే, కర్ణాటకలో భోవి పేరుతో ఎస్సీలు. పని ఒకటే, గుర్తింపు మాత్రం సరిహద్దు దాటితే మారిపోతుంది. చేసిన పనికి పేరు కూడా వేరేవాళ్లకే పోతుంది. 2022లో యాదాద్రి గుడి కృష్ణశిలతో కొత్తగా తెరుచుకున్నప్పుడు స్థపతుల గురించి, శిల్పుల గురించి చాలా రాశారు. రాయిని గుట్ట నుంచి పగలకుండా విడదీసినవాళ్ల గురించి ఎవరు రాశారు? హైదరాబాద్ నగరానికి నీళ్లిచ్చిన మీరాలం చెరువు కట్ట 21 అర్ధచంద్రాకారపు కమానులతో రెండు శతాబ్దాలుగా నిలబడి ఉంది. దాన్ని తలచుకున్నప్పుడు ఇంజినీర్లు గుర్తొస్తారు కానీ రాళ్లు తీసినవాళ్లు రారు.

అయితే ఈ పనిని మరీ ముద్దు చేయడం నాకిష్టం లేదు. రాతి ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుంటే వచ్చే సిలికోసిస్‌కు మందు లేదు. వడ్డెర కొట్టిన ప్రతి కడీ ఒక గుట్టకు తగ్గిన ముక్కే. గుట్ట గురించి అందరికన్నా బాగా తెలిసిన మనిషి బతుకు దాన్ని పగలగొట్టడం మీదే ఉంది. కాకపోతే ఆ చేతి పనికి ఒక హద్దుండేది. ఉలితో ఒక తరం తిన్నా గుట్ట మిగిలేది. బ్లాస్టింగ్ వచ్చాక ఆ హద్దు పోయింది. పైగా పేల్చిన రాయిలో కంటికి కనబడని చీలికలు పాకుతాయి. అది కంకరకు పనికొస్తుంది తప్ప కడీకో పలకకో నమ్మలేం.

శంషాబాద్‌లో 5,400 ఎకరాలకు పైగా నేల మీద వచ్చిన విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. దాని వెనకే ఔటర్ రింగ్ రోడ్డు, వెంచర్లు, గోదాములు వచ్చాయి. పోయినవి రాళ్లొక్కటే కాదు. బండల సందుల్లోని పిడికెడు మట్టి చాలు తంగేడుకూ సీతాఫలానికీ. ఈ దారినే ఇంకా దక్షిణంగా ఉన్న బాలానగర్ పేరే ఒక సీతాఫలం రకానికి స్థిరపడింది. గుండ్ల నీడలో కొమ్ముల గుడ్లగూబ గుడ్లను పొదుగుతుంది. నున్నటి బండ మీద పడ్డ వాన నిలవకుండా జారి కింది కుంటలోకి చేరుతుంది. గుట్టను చదును చేస్తే కుంట దానంతటదే ఎండుతుంది, తర్వాత పూడికతీత పథకాలు ఎన్ని పెట్టినా సరే.

హైదరాబాద్‌లో రాళ్లను కాపాడదామన్న మాట 1996లో ఏర్పడిన సొసైటీ టు సేవ్ రాక్స్ నుంచి బాగా వినబడింది. కొన్ని గుండ్లు వారసత్వ జాబితాకూ ఎక్కాయి. జూబ్లీహిల్స్‌లో బండను కదపకుండా దాని చుట్టూ గోడ కట్టుకున్న ఇళ్లున్నాయి, అవి అందంగానే ఉన్నాయి. శంషాబాద్ వైపు లేఅవుట్లు గీసేవాళ్లు తూటాల లైసెన్సు కోసం తిరిగే ముందు ఒక పూట పని తెలిసిన వడ్డెరను వెంటబెట్టుకుని నేలంతా తిరగాలని నా కోరిక. ఏ గుండు కుదురుగా ఉందో, ఏది జారేలా ఉందో, ఏ బండను ఏ వాటాన తీస్తే పక్కది కదలదో అతను తట్టి చెబుతాడు. ఆ పూటకు ఇంజినీరు ఫీజే ఇవ్వాలి, కూలి కాదు.